పెప్టైడ్ డబ్బా మనకెందుకు? ఉత్తర తెలంగాణ డెయిరీల పాలకవర్గాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, డైరెక్టర్లకు, ఊరూరి పాల సంఘాల కార్యదర్శులకు నమస్కారాలు.

హన్మకొండలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. అంతకుముందు ఎల్కతుర్తి వైపు ఒక ఊళ్లో, మూడు బర్రెలున్న ఇంట్లో పుట్టి పెరిగినవాడిని. పాల గురించి నాలుగు మాటలు చెప్పడానికి ఈ రెండు అర్హతలూ చాలనుకుంటాను.

రోజూ తెల్లవారుజామున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తాను. మా నడక బృందంలో మీలో ఒకరున్నారు. ఏ డెయిరీ అన్నది ఇక్కడ అనవసరం. ఈ మధ్య ఒక రోజు ఆయన సంచిలోంచి కాగితాల కట్ట తీసి, "సార్, ఇందులో ఎంత నిజముందో చూసి చెప్పండి, బోర్డు మీటింగులో పెట్టాలి" అని నా చేతిలో పెట్టారు. ఎవరో సలహాదారు తయారుచేసిన ప్రతిపాదన అది. పనీర్ చేశాక మిగిలిన నీళ్లను కాల్వలో పోయడం దండగ, వాటిని ఎండబెట్టి పొడి చేసి 'ఊబకాయం తగ్గించే పాల పెప్టైడ్లు' అని డబ్బాలో పెట్టి అమ్మితే పాల మీద రాని లాభం నీళ్ల మీద వస్తుందని దాని సారాంశం. ఇలాంటి కట్టలే మరో రెండు డెయిరీలకు కూడా చేరాయని ఆయనే చెప్పారు. అందుకే ఆయన ఒక్కరికే జవాబు చెప్పి ఊరుకోకుండా అందరికీ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను, ఆ పొడి జోలికి పోకండి. పాల పెప్టైడ్లు బూటకమని నేను అనను. అందులో నిజం కొంత ఉంది. ఆ కొంత నిజం డబ్బా అవసరం లేకుండానే మీ పెరుగు కప్పులో, మజ్జిగ ప్యాకెట్లో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని మీరు సరిగ్గా అమ్ముకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

పెప్టైడ్ అనే మాట వినగానే చాలామందికి ఏదో మందు పేరు విన్నట్టు ఉంటుంది. పాలలోని ప్రోటీన్‌లో ఇంచుమించు 80 శాతం కేసిన్, మిగతా 20 శాతం చీజ్ చేసినప్పుడు నీళ్లలో మిగిలే వే ప్రోటీన్లు. బీటా కేసిన్ అనే ఒక్క ప్రోటీన్‌లోనే 209 అమైనో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉంటాయి. మన కడుపులోని పెప్సిన్, చిన్నపేగులోని ట్రిప్సిన్ ఆ పొడవాటి గడను చెరుకును కణుపుల దగ్గర నరికినట్టు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలే పెప్టైడ్లు. రాత్రి పాలలో వేసిన తోడు కూడా తెల్లారేసరికి ఈ పని కొంత చేసిపెడుతుంది. అంటే పెరుగన్నం తిన్న ప్రతివాడూ పెప్టైడ్లు తిన్నట్టే. గ్లాసు పాలు తాగిన పసివాడి పొట్టలో అరగంటకల్లా వందల రకాల పెప్టైడ్లు తయారవుతాయి. పొట్ట ఉచితంగా చేసే పనిని కర్మాగారంలో ముందుగా చేసి, దానికి ధర కట్టి అమ్మడమే ఈ డబ్బా వ్యాపారం.

మరి శాస్త్రజ్ఞులు ఇన్నేళ్లుగా వీటి వెంట ఎందుకు పడ్డారు? ఊరికే పడలేదు. పాలను లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ అనే బ్యాక్టీరియాతో పులియబెడితే మూడేసి అమైనో ఆమ్లాల చిన్న ముక్కలు రెండు వస్తాయి. వాటికి రక్తపోటును కాస్త తగ్గించే గుణం కనిపించింది. జపాన్‌లో 1990లలోనే వాటితో చేసిన పాల పానీయాన్ని రక్తపోటు కోసం అమ్ముకోవడానికి అనుమతి దొరికింది. కాస్త అన్న మాట గమనించండి, మాత్ర మానేసేంత కాదు. ఊబకాయం విషయానికొస్తే, పాల ప్రోటీన్లు, వాటి ముక్కలు పేగు గోడను తాకినప్పుడు 'ఇక చాలు' అని మెదడుకు కబురు పంపే హార్మోన్లు కొంచెం ఎక్కువగా ఊరతాయి. 2014లో ఇజ్రాయెల్ పరిశోధకులు 15 మంది మధుమేహులకు పొద్దున ఫలహారానికి ముందు 50 గ్రాముల వే ప్రోటీన్ తాగించారు. తర్వాత మూడు గంటల పాటు వాళ్ల రక్తంలో చక్కెర 28 శాతం తక్కువగా ఉంది. మంచి ఫలితమే. కానీ వాళ్లు కొలిచింది చక్కెరను, బరువును కాదు. తాగించింది 50 గ్రాములు. మన సలహాదారు గారి చెంచాలో పట్టేది 10 గ్రాములు.

ప్రతిపాదనలో ఒక పేజీ నిండా డీపీపీ-4 అనే ఎంజైమ్ గురించి ఉంది. ఈ పేజీ చూస్తే డైరెక్టర్లకు నమ్మకం కుదురుతుందని రాసినట్టున్నారు, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఆకలిని తగ్గిస్తుంది. డీపీపీ-4 దాన్ని రెండు నిమిషాల్లో సగానికి సగం నాశనం చేస్తుంది. పాల పెప్టైడ్లలో కొన్ని ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి, కాబట్టి హార్మోన్ నిలుస్తుంది, ఆకలి తగ్గుతుంది, బరువు దిగుతుంది. ఇదీ వాళ్ల వరస. వినడానికి ఎంత బాగుందో చూడండి. అయితే ఇదే ఎంజైమ్‌ను అడ్డుకునే మాత్రలు మన ఊళ్లో మధుమేహం ఉన్నవాళ్ల ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ పేర్లు మీలో కొందరి మందుల చీటీల మీదే ఉండవచ్చు. పాల పెప్టైడ్ కన్నా వందల రెట్లు గట్టిగా అవి ఆ ఎంజైమ్‌ను పట్టుకుంటాయి. చక్కెర తగ్గిస్తాయి. బరువు మాత్రం తగ్గించవు, పెంచవు. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో తేలిన సంగతి ఇది. అంత గట్టి మాత్రతో జరగని పని పాలపొడి చెంచాతో ఎలా జరుగుతుందో ఆ సలహాదారును బోర్డు ముందు నిలబెట్టి అడగండి.

ఇంకో గందరగోళం ఉంది, దాన్ని కావాలనే పెంచుతున్నారని నా అనుమానం. 2025 మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అవి కూడా పెప్టైడ్లే. 2021లో వెలువడిన పరీక్షలో సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఆ వార్తలు చదివినవాళ్లకు 'పెప్టైడ్' అన్న మాట చెవిలో పడగానే ఆ ఇంజెక్షనే గుర్తొస్తుంది. ఇంజెక్షన్‌గా ఎందుకు ఇస్తారో ఎవరూ అడగరు. నోటి ద్వారా పోతే కడుపు దాన్ని కూడా చెరుకు గడలాగే నరికేస్తుంది కనుక. సెమాగ్లూటైడ్ మాత్రలో కడుపు గోడ దాటించడానికి ప్రత్యేకంగా తోడు రసాయనం కలిపినా నూటికి ఒక పాలు రక్తంలోకి చేరడమే గగనం. పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. అలాగైతే రామప్ప గుడి ఇటుకా మన ఇంటి ఇటుకా ఒకటే అనాలి. ఒకటి నీళ్ల మీద తేలుతుంది, రెండోది మునుగుతుంది.

మా మేనకోడలి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. రెండో కాన్పు తర్వాత 78 కిలోలకు చేరింది. ఫోనులో ప్రకటన చూసి ఇలాంటి డబ్బానే తెప్పించింది, నెలకు 3,600 రూపాయలు. మా ఇంటికొచ్చినప్పుడు ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "మామయ్యా, రెండు నెలల్లో రెండున్నర కిలోలు తగ్గాను, ఇది పనిచేస్తున్నట్టేగా?" అంది. మూత తీసి చూశాను. వెనిలా వాసన, అడుగున తెల్లటి చెంచా. కళ్లద్దాలు పెట్టుకుని వెనక వైపు చదివాను. చెంచా 10 గ్రాములు, అందులో ప్రోటీన్ 8 గ్రాములు. పావు లీటరు డబుల్ టోన్డ్ పాలలో కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. చెంచా ఖరీదు 120 రూపాయలు, పావు లీటరు పాలు పదిహేను రూపాయలు దాటవు. డబ్బాలో ఒక కరపత్రం కూడా ఉంది. రాత్రి అన్నం బదులు ఒక చెంచా పొడి కలిపి తాగాలి, సాయంత్రం నూనె వంటకాలు మానాలి, రోజుకు నలభై నిమిషాలు నడవాలి అని అందులో రాశారు. "మరి నయీంనగర్ మిర్చి బజ్జీలు?" అని అడిగాను. నవ్వింది. మానేసిందట.

డబ్బా ఆపి మిగతావన్నీ అలాగే ఉంచమన్నాను. రాత్రి పొడికి బదులు ఒక పుల్కా, గిన్నెడు పప్పు, కప్పు పెరుగు. మూడో నెలలో ఇంకో కిలో తగ్గింది. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు, ముప్పై ఏళ్లు ఈ మాటే పిల్లలకు చెప్పినవాడిని. కానీ డబ్బా అమ్మేవాళ్లు చూపే ముందూ తర్వాతా ఫొటోలు కూడా ఒక్కో మనిషివేగా.

ఇప్పుడు పనీర్ నీళ్ల దగ్గరకు వస్తాను. ఆ కాగితాల్లో అసలు తప్పంతా ఇక్కడే ఉంది. ఇంట్లో లీటరు పాలు కాచి నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, ఆకుపచ్చ మెరుపున్న ఆ తేట నీళ్లను సీసాలో పట్టుకుని నేను పనిచేసిన కాలేజీ ప్రయోగశాలకు వెళ్లాను. పిల్లలు కాలేజీలో చేసే రెండు పరీక్షలే. బైయూరెట్ పరీక్షలో ప్రోటీన్ ఉంటే ఊదా రంగు రావాలి. పలచన చేసిన పాలకు ముదురు ఊదా వచ్చింది, పనీర్ నీళ్లకు కనీకనిపించని లేత రంగు. రెండోది బెనెడిక్ట్ పరీక్ష, పాత రోజుల్లో మధుమేహానికి మూత్ర పరీక్ష చేసిన నీలి ద్రావణం. పనీర్ నీళ్లు వేసి వేడి చేయగానే నీలం పోయి ఇటుక ఎరుపు తిరిగింది. అది పాల చక్కెర, లాక్టోజ్. పక్కన నిలబడి చూస్తున్న ల్యాబ్ అటెండరు, "సార్, ఇది షుగరు పేషెంటు కన్నా ఘోరంగా ఉంది" అన్నాడు.

ఎందుకిలా అంటే, పనీర్‌కు పాలను 90 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఆ వేడికి వే ప్రోటీన్లలో ఎక్కువ భాగం కేసిన్‌కు అతుక్కుని పనీర్‌లోకే పోతాయి. ఆ నీళ్లలో మిగిలే ప్రోటీన్ అర శాతం లోపే, లాక్టోజ్ మాత్రం దాదాపు 5 శాతం. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎండబెడితే వచ్చే పొడిలో పది పాళ్లకు ఏడు పాళ్ల పైనే చక్కెర. బరువు తగ్గే పొడి అని చక్కెర అమ్ముతారా? చక్కెర వేరు చేయాలంటే అతిసన్నని పొరల గుండా వడకట్టే యంత్రాలు కావాలి. ఆ ఖర్చు ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

అంతకన్నా వింత ఒకటుంది. 'మా ఉత్పత్తిలో గ్లైకోమాక్రోపెప్టైడ్ సమృద్ధిగా ఉంటుంది' అని పెద్ద అక్షరాల్లో రాశారు. ఆకలి తగ్గిస్తుందని పేరున్న పెప్టైడ్ అది, మనుషుల్లో ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేవు. దాని సంగతి అలా ఉంచండి. కప్పా కేసిన్ అనే ప్రోటీన్‌లో 169 అమైనో ఆమ్లాలుంటాయి. చీజ్ చేసేటప్పుడు వేసే రెన్నెట్ అనే ఎంజైమ్ దాన్ని సరిగ్గా 105కూ 106కూ మధ్య కోస్తుంది. తెగిన 64 అమైనో ఆమ్లాల తోకే ఈ గ్లైకోమాక్రోపెప్టైడ్. అది చీజ్ నీళ్లలోకి వస్తుంది. పనీర్‌కు మీరు వాడేది సిట్రిక్ ఆమ్లం. అక్కడ కోత లేదు, తోక తెగదు, నీళ్లలోకి రాదు. మీ కర్మాగారంలో పుట్టే అవకాశమే లేని వస్తువును మీ పేరు మీద డబ్బాకు అతికించమంటున్నారు.

చట్టం గురించి క్లుప్తంగా. ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ప్రకటనల మీద 2018 నిబంధనలు వేరే ఉన్నాయి. 2024 ఆగస్టులో ఏ1, ఏ2 పాల గోల గుర్తుంది కదా. ప్యాకెట్ల మీద ఆ పేర్లు తీసేయమని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఆదేశం ఇచ్చి, వారం తిరగకుండానే వెనక్కి తీసుకుంది. అది కూడా బీటా కేసిన్‌లో 67వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం గురించి, దాని నుంచి పుట్టే ఒక పెప్టైడ్ గురించి వచ్చిన తగాదాయే. పెప్టైడ్ల పేరుతో ప్యాకెట్ మీద ఏం రాసినా రేపు ఏ ఆదేశం వస్తుందో తెలియదు. పెద్ద కంపెనీలకు వకీళ్లుంటారు. పదిహేను రోజులకోసారి పాల బిల్లు కోసం ఎదురుచూసే ఆడవాళ్ల సొమ్ముతో నడిచే సంస్థలకు అంత సరదా ఎందుకు?

నిజానికి ఈ లేఖ మొత్తం వద్దు వద్దు అని చెప్పడానికి రాయలేదు. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికే మన రాష్ట్రంలో పెద్దవాళ్లలో ప్రతి పది మందిలో ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు, ఆడా మగా ఇద్దరూ. మనవాళ్లకు బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని డాక్టర్లు లెక్కేస్తున్నారు. ఆ లెక్కన చూస్తే వడ్డేపల్లి కట్ట మీద నడిచే మాలో చాలామందిమి గీత దాటినవాళ్లమే. వీళ్లకు ఉపయోగపడే సరుకు మీ దగ్గరుంది.

డబుల్ టోన్డ్ పాలనే తీసుకోండి. కొవ్వు 1.5 శాతం, కొవ్వు కాని ఘనపదార్థం 9 శాతం. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, మిగతా ఘనపదార్థం అదే 9 శాతం. అంటే ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, కొవ్వు మాత్రమే తగ్గింది, శక్తి దాదాపు సగానికి పడిపోయింది. ఈ మాట ఏ పాల బూత్ దగ్గరైనా రాసి ఉందా? మా వీధి బూత్‌లో డబుల్ టోన్డ్ అడిగితే, "నీళ్ల పాలు ఎందుకు సార్, చిక్కటివి తీసుకోండి" అంటాడు. మీ సరుకును మీ మనిషే నీళ్లని తిడుతున్నాడు. మొదట అతనికి చెప్పండి.

తర్వాత మజ్జిగ. మా ఇంట్లో తెల్లవారుజామున కవ్వం చప్పుడుతోనే లేచేవాళ్లం. వెన్న అమ్మ తీసి నెయ్యి కాచేది, అది అమ్మకానికి. మజ్జిగను మాత్రం అమ్మడం మా ఊళ్లో తప్పు. మా వైపు సల్ల అంటాం. చెంబు పట్టుకుని ఎవరొచ్చినా పోయాల్సిందే. వెన్న పోయినా ప్రోటీన్ అంతా అందులోనే ఉంటుంది, పులిసింది కనుక పెప్టైడ్లూ ఉంటాయి. జొన్న గట్కలో అది పోసుకుని పొలం పోయిన మనుషులకు మధ్యాహ్నం దాకా ఆకలయ్యేది కాదు. గట్క బలమో సల్ల బలమో తేల్చలేను, రెండూ కలిసి ఉండేవి. ఆ సల్లే ఇప్పుడు ప్యాకెట్లలో దొరుకుతోంది, సంతోషం. కానీ దాని పక్కనే అదే ఫ్రిజ్‌లో తీపి లస్సీ, బాదం పాలు ముందు వరసలో ఉంటాయి. ఒక లస్సీ కప్పు వెనక చదివితే 200 మిల్లీలీటర్లలో కలిపిన చక్కెర 20 గ్రాముల పైనే. అంటే నాలుగు చెంచాలు. కప్పు ముందు వైపు మాత్రం పచ్చని పొలం, చిరునవ్వు నవ్వే ఆవు.

నేను అడిగేది ఇంతే. ప్యాకెట్ ముందు వైపు, ధర రాసినంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ప్రోటీన్ ఎన్ని గ్రాములో, కలిపిన చక్కెర ఎన్ని గ్రాములో రాయండి. బరువు తగ్గుతారని రాయనక్కర్లేదు. చక్కెర లేని పలచటి మజ్జిగ, అల్లం, కరివేపాకు, ఉప్పు తక్కువగా వేసి, బస్టాండ్లలో, కాలేజీల దగ్గర, శీతల పానీయం కన్నా చౌకగా దొరికేలా చూడండి. ఉప్పు తక్కువ అని ఎందుకన్నానంటే, ఇప్పుడు వచ్చే మసాలా మజ్జిగలు కొన్ని సముద్రపు నీళ్లలా ఉంటున్నాయి, రక్తపోటు ఉన్నవాళ్ల ఉసురు తగులుతుంది.

పనిలో పని ఇంకో విన్నపం. పాలు పోసినప్పుడు మీ యంత్రం చూసేది వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ అనే కొవ్వు కాని ఘనపదార్థం. ధర దాని మీదే. ప్రోటీన్‌కు విడిగా రైతుకు రూపాయి ముట్టదు. ప్రోటీన్ పేరు చెప్పి వేల రూపాయల డబ్బా అమ్మాలనుకునేవాళ్లు ఆ ప్రోటీన్‌ను పుట్టించిన బర్రెకు, దాన్ని మేపిన మనిషికి ఏమిస్తారో ప్రతిపాదనలో ఒక్క ముక్క లేదు. నేను వెతికాను.

పెప్టైడ్ల మీద నిజంగా ఆసక్తి ఉంటే మార్గం ఉంది. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది, హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన పెరుగు, మన మజ్జిగ తీసుకుని, డబ్బా అమ్మేవాడి ప్రమేయం లేకుండా, మనుషుల మీద, ఏడాది పాటు పరీక్ష చేయించండి. ఫలితం ఏదైనా బయటపెట్టండి. ఆ పోషకాహార సంస్థే 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని చెప్పింది. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలంటుంది వాళ్ల లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పప్పు, పాలు, గుడ్డు, చేపతో అది దాటడం కష్టం కాదు.

పనీర్ నీళ్ల సమస్య మాత్రం నిజమైనదే, దాన్ని తేలిక చేయను. కాల్వలోకి పోతే చెరువు నీటిలోని ప్రాణవాయువును అవి మింగేస్తాయి, చేపలు చస్తాయి. ఆ నీళ్లతో రొట్టె పిండి కలపవచ్చు, పశువుల దాణా తడపవచ్చు. బేకరీల వాళ్లతో మాట్లాడండి. లాభం తక్కువే, అబద్ధం మాత్రం ఉండదు.

వచ్చే బోర్డు మీటింగుకు పిలిస్తే వస్తాను. పరీక్ష నాళికలు, నీలి ద్రావణం, స్పిరిట్ దీపం నావి. మీ పనీర్ గదిలోంచి ఒక చెంబు నీళ్లు మాత్రం తెప్పించి పెట్టండి. ఆ సలహాదారు గారిని కూడా అదే రోజు రమ్మనండి. ఇటుక ఎరుపు రంగు ఆయన కూడా చూడాలి. టీ వద్దు, చక్కెర లేని మజ్జిగ ఒక గ్లాసు ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
మీ పాలు తాగి పెరిగిన ఒక రిటైర్డ్ లెక్చరర్,
హన్మకొండ